కవచానికి కిటికీలు

1986లో నింటెండో తెచ్చిన 'మెట్రాయిడ్' ఆటలో హీరో నెత్తి నుంచి కాళ్ల దాకా లోహకవచం తొడుక్కుని, ఎక్కడో అంతరిక్షంలో ఒక గ్రహం అడుగున ఉన్న సొరంగాల్లో వింతజీవులను కాలుస్తూ వెళ్తాడు. వెళ్తాడనే ఆడినవాళ్లంతా అనుకున్నారు. ఆటతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం కూడా మగవాడన్నట్టే రాసింది. తీరా ఆఖరి శత్రువును చంపి బయటపడి, కవచం తొలగాక చూస్తే లోపలున్నది సామస్ ఆరన్ అనే యువతి! ఆ కాలానికి అది మామూలు మలుపు కాదు.

అయితే ఆ మలుపుకు ఒక మెలిక పెట్టారు. ఆట ఎంత తొందరగా ముగిస్తే ఆమె ఒంటి మీద బట్ట అంత తగ్గుతుంది. నిదానంగా ఆడినవాడికి కవచమే గతి. ఇంకాస్త వేగంగా ముగిస్తే శిరస్త్రాణం తీస్తుంది. గంటలోపే ముగించిన మొనగాడికి బికినీ దర్శనం. ఆడమనిషిని హీరోగా నిలబెట్టిన ఆటే ఆమె ఒంటిని బహుమతిగా పంచిపెట్టింది.

బహుమతి పాత్ర ఆడవాళ్లకు అప్పటికే కొత్త కాదు. 1981 నాటి 'డాంకీ కాంగ్'లో గొరిల్లా ఎత్తుకుపోయిన అమ్మాయి పైఅంతస్తులో నిలబడి కేకలు పెట్టడం తప్ప చేసేదేమీ లేదు. మొదట్లో ఆమెకు సరైన పేరు కూడా లేదు, పౌలీన్ అన్న పేరు తర్వాత వచ్చింది. 1982 నాటి 'మిస్ ప్యాక్‌మన్' కాస్త నయం. అక్కడ ఆట నడిపేదే ఆమె. కాకపోతే తెర మీద గీయడానికి దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టే చుక్కలు కాబట్టి, ఎర్ర రిబ్బను, లిప్‌స్టిక్, చెంప మీద పుట్టుమచ్చ పెట్టి ఆడదని చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది మిస్టిక్ అనే కంపెనీ అటారీ యంత్రం మీద ఆడుకునేలా 'కస్టర్స్ రివెంజ్' అమ్మింది. కట్టేసి ఉన్న ఒక అమెరికన్ ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం చేయడమే ఆ ఆట. మహిళా సంఘాలు, ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. తన పేరు చెడిపోతోందని అటారీయే కోర్టుకెక్కింది. బొమ్మ ముతకగా ఉన్నంత మాత్రాన ఉద్దేశం దాగదని అప్పుడే తేలిపోయింది.

యంత్రాల సత్తా పెరిగే కొద్దీ ఆ సత్తా ఎక్కడ ఖర్చయిందో చూస్తే నవ్వూ వస్తుంది, చిరాకూ వస్తుంది. 1991లో కాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 2'లో చున్‌లీని దింపింది. చైనా తరహా నీలం దుస్తులు, రెండు పక్కలా సిగలు, మగవాళ్లను మట్టి కరిపించే కాళ్లు. అభిమానులు ఈనాటికీ ఆమెను గౌరవంగానే తలుచుకుంటారు. మరుసటి ఏడాదే ఎస్ఎన్‌కె సంస్థ 'ఫేటల్ ఫ్యూరీ 2'లో మై షిరనుయిని పరిచయం చేసింది. ఆమె ఊరికే నిలబడి ఉన్నా ఛాతీ ఊగుతూ ఉంటుంది. మెమరీ పిసరంత కూడా వృథా చేయలేని రోజుల్లో ఒక కళాకారుడు కూర్చుని ఆ ఊపు కోసం బొమ్మ తర్వాత బొమ్మ గీశాడన్నమాట. 1996లో 'డెడ్ ఆర్ అలైవ్' వచ్చేసరికి అదొక ప్రత్యేక ఆకర్షణ అయి కూర్చుంది. 2003లో ఆ ఆటలోని అమ్మాయిల చేతే బీచ్‌లో వాలీబాల్ ఆడించారు, ఈత దుస్తులు కొనిపెట్టడమే ఆటలో సగం పని.

లారా క్రాఫ్ట్ కథ మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు.

ఇంగ్లండులోని డెర్బీ పట్టణంలో కోర్ డిజైన్ అనే చిన్న సంస్థ ఉండేది. అక్కడ టోబీ గార్డ్ అనే యువ డిజైనర్ పాత సమాధుల్లో నిధులు వెతికే ఆటకు మొదట మగవాణ్ణే గీశాడు. అతను మరీ ఇండియానా జోన్స్‌లా ఉన్నాడన్న భయంతో పక్కన పెట్టి లారా క్రూజ్ అనే దక్షిణ అమెరికా అమ్మాయిని గీశాడు. తర్వాత ఆమె బ్రిటిష్ దొరల ఇంటి ఆడపడుచు లారా క్రాఫ్ట్ అయింది. కథ, సంభాషణలు రాసింది విక్కీ ఆర్నాల్డ్ అనే మహిళ. 1996 చివర్లో 'టూంబ్ రైడర్' విడుదలైంది. చేతుల్లేని బిగుతు టాపు, పొట్టి నిక్కరు, రెండు తొడలకూ పిస్తోళ్లు. ఆనాటి త్రీడీలో ఒళ్లంతా త్రికోణాలే గనుక ఆమె ఛాతీ పిరమిడ్‌లా ఉండేది. నిజం చెప్పాలంటే ఆటలో ఆమె కనిపించేది ఎక్కువగా వీపు వైపు నుంచే. దూకుతుంది, పట్టు చిక్కించుకుని వేలాడుతుంది, తోడేళ్లను కాలుస్తుంది. ఆమెను ప్రేమించే మగవాడు లేడు, కాపాడే మగవాడూ లేడు. చాలామంది అమ్మాయిలు మొదటిసారి ఒక ఆటను తమదనుకున్నది ఇక్కడే.

ఆటలో లేనిదంతా ప్రకటనల్లో పోశారు. ప్రచురణ సంస్థ ఐడోస్ లారా వేషం వేయడానికి మోడళ్లను పెట్టుకుంది. 1997 జూన్‌లో 'ది ఫేస్' పత్రిక లారాను ముఖచిత్రంగా ఎక్కించింది. లూకొజేడ్ పానీయం ప్రకటనలకు ఆమే, యూ2 బృందం కచేరీ తెరల మీదా ఆమే. ఇంకోపక్క ఆకతాయిలు లారా ఒంటి మీద బట్టలు తీసేసే 'న్యూడ్ రైడర్' అనే ప్రోగ్రాం చేసి ఇంటర్నెట్‌లో వదిలారు. ఐడోస్ ఆ సైట్లకు లాయరు నోటీసులు పంపింది. పోస్టర్లలో తాను చేసే పని ఇంకొకడు ఇంకో మెట్టు దిగి చేస్తే కంపెనీకి కోపం వచ్చింది! లారాను పుట్టించిన టోబీ గార్డ్ 1997లోనే ఉద్యోగం మానేశాడు. తన పాత్రను అమ్ముతున్న తీరు నచ్చకపోవడం అందుకు ఒక కారణం. రావాల్సిన రాయల్టీలను కూడా అతను వదులుకున్నాడు.

ఈ చరిత్రలో గమనించాల్సింది ఇదే. బట్టల పొడవును తేల్చింది కథా కాదు, యంత్రమూ కాదు, కొనేవాడు మగపిల్లాడే అన్న దుకాణపు లెక్క. ఆ లెక్క ఎంత బలంగా ఉండేదో చెప్పడానికి లాస్ ఏంజెలెస్‌లో ఏటా జరిగిన ఇ3 ప్రదర్శన చాలు. స్టాళ్ల ముందు అరకొర బట్టల మోడళ్లను నిలబెట్టే అలవాటు ముదిరి, చివరికి 2006లో నిర్వాహకులే 5,000 డాలర్ల జరిమానా పెట్టాల్సి వచ్చింది.

లెక్క మారిందనడానికి ఆధారం ఉంది. 2016లో టెరెసా లించ్ బృందం 31 ఏళ్లలో వచ్చిన 571 ఆటల్లోని స్త్రీ పాత్రలను పరిశీలించింది. ఒళ్లు చూపించే ధోరణి 1990లలో శిఖరానికి చేరి, 2006 తర్వాత తగ్గుముఖం పట్టిందని తేల్చింది. 2013లో లారా కూడా మారింది. రియానా ప్రాచెట్ ప్రధాన రచయిత్రిగా వచ్చిన కొత్త 'టూంబ్ రైడర్'లో నిక్కరు పోయి ప్యాంటు వచ్చింది, ఒళ్లు మామూలు మనిషి ఒళ్లయింది. ఆ వరుసలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆట అదే. అంతా బాగుందని మాత్రం అనలేం. ఒంటికి బట్ట వచ్చింది గానీ, కెమెరా ఆమె గాయాల మీద, మూలుగుల మీద నిలబడిపోయింది. చూపు పూర్తిగా మారలేదు.

ఈ చూపు గురించి మాట్లాడినవాళ్లకు దక్కిన మర్యాద మరీ ఘోరం. ఆటల్లో స్త్రీ పాత్రల గురించి వీడియోలు తీస్తానని 2012లో అనీటా సర్కీసియన్ అనే విమర్శకురాలు 6,000 డాలర్ల చందా అడిగితే 1,58,000 డాలర్లకు పైగా వచ్చాయి. బెదిరింపులూ అంతకంతగా వచ్చాయి. ఆమె ముఖాన్ని గుద్దే ఆటను ఎవడో తయారుచేసి పెట్టాడు. 2014 అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఆమె ప్రసంగిస్తే కాల్పులు జరుపుతామని బెదిరించారు. తుపాకులతో వచ్చేవాళ్లను ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఆపలేమని పోలీసులు చెప్పడంతో ఆమె కార్యక్రమాన్ని రద్దు చేసుకుంది.

మన సినిమా హీరోయిన్లు పొట్టి బట్టల గురించి విలేకరులు అడిగినప్పుడు 'కథ డిమాండ్ చేసింది' అంటారు. దీన్ని మించిన జవాబు ఆటల రూపకర్త హిడియో కొజిమా దగ్గర దొరికింది. 2015 నాటి 'మెటల్ గేర్ సాలిడ్ 5'లో క్వైట్ అనే స్నైపర్ యుద్ధభూమిలో బికినీ, చిరిగిన మేజోళ్లతో తిరుగుతుంది. కారణం? ఒంట్లో చేరిన పరాన్నజీవుల వల్ల ఆమె చర్మంతో ఊపిరి తీసుకుంటుందట, బట్టలు కప్పితే ఊపిరాడదట! పరాన్నజీవులున్న ఇంకో పాత్ర కూడా అదే ఆటలో ఉంది. 'ది ఎండ్' అనే ముసలి స్నైపర్ అదే వరుసలోని పాత ఆటలో ఉన్నాడు. బట్టల కష్టం మాత్రం పడుచుపిల్లకే వచ్చింది.

ఈ కథలో హైదరాబాదుకూ వాటా ఉంది. 2016లో బ్లిజార్డ్ విడుదల చేసిన 'ఓవర్‌వాచ్'లో సిమెట్రా అనే పాత్ర అసలు పేరు సత్యా వాస్వానీ, పుట్టిన ఊరు హైదరాబాద్. వెలుతురుతో గోడలు, ఆయుధాలు అల్లే వాస్తుశిల్పి. ఊరు మనదే గానీ ఇంటిపేరు సింధీలది, పొట్టి దుస్తులూ తొడల దాకా మేజోళ్లూ అమెరికా స్టూడియోవి. ఆమెకు 'దేవి' అనే వేషం పెట్టినప్పుడు, దేవతను ఆటబొమ్మ చేయడం తగదని అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. అదే ఆట విడుదలకు ముందు ట్రేసర్ అనే పాత్ర పిరుదులు చూపిస్తూ నిలబడే భంగిమ ఒకటి ఉండేది. ఆ పాత్ర స్వభావానికి అది అతకలేదని ఒక ఆటగాడు రాస్తే కంపెనీ దాన్ని మార్చింది. మార్చినందుకూ గోల జరిగింది.

2017లో 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' క్లోయీ ఫ్రేజర్ అనే సగం భారతీయురాలిని పడమటి కనుమల్లో, హొయ్సళ శిథిలాల మధ్య తిప్పింది. ఒంటికి తగిన ప్యాంటు, బూట్లు. 2020లో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ తెచ్చిన 'రాజీ'లో దుర్గ ఇచ్చిన త్రిశూలంతో తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడే సర్కస్ పిల్లే కథానాయిక. ఆమెను చూపించడానికి దుస్తుల్లో ఏ కిటికీలూ అవసరం కాలేదు.

పాత లెక్క చచ్చిపోయిందనుకుంటే మాత్రం పొరపాటు. 2024లో కొరియా సంస్థ షిఫ్ట్ అప్ 'స్టెల్లార్ బ్లేడ్'ను బిగుతు దుస్తుల ఈవ్ అనే కథానాయిక మీదే అమ్మింది. విడుదల రోజు వచ్చిన అప్‌డేట్‌లో ఒకటి రెండు దుస్తులకు కాస్త బట్ట పెరిగిందని ఆటగాళ్లు సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఆట రెండు నెలల్లో పది లక్షల కాపీలు అమ్ముడైంది.