పట్టువిడుపులు

రోమా పత్రిక పదునాలుగవ అధ్యాయములో భోజన విషయమై సహోదరునికి తీర్పు తీర్చవద్దని వ్రాసిన పౌలే, గలతీ పత్రిక రెండవ అధ్యాయములో భోజన విషయమై పేతురును అందరి యెదుట నిలదీసెను. రెండును భోజనమే. ఒకచోట విడుపు, ఒకచోట పట్టు. ఈ భేదము నెరుగుట ఎంత కష్టమో మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంఘముల చరిత్ర చూచినవారికి తెలియును.

డాక్టరు జాన్ స్కడ్డరు కుమారులైన హెన్రీ, విలియము, జోసెఫు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. చిత్తూరు వారి తొలి కేంద్రములలో ఒకటి. అంతకు మూడేండ్ల ముందు, 1850లో, మద్రాసులో కూడిన మిషనరీలు కులమును గూర్చి ఒక తీర్మానము చేసియుండిరి. ఏ కులమువానితోనైనను కూర్చుండి భుజించుటకు ఒప్పుకొననివాడు బాప్తిస్మమునకు సిద్ధపడినవాడు కాడనిరి. తమిళదేశములో పనిచేయుచుండిన లైప్‌జిగు లూథరన్ మిషనరీలు మాత్రము దీనికి సమ్మతింపలేదు. కులము లోకాచారము, వాక్యము లోపల పనిచేసినకొలది అది తానే కరగిపోవును, బలవంతముగా ఒక్క పంక్తిని కూర్చుండబెట్టినచో వేషధారులు పుట్టుదురని వారి వాదము. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పంక్తిలో తిని, ఇంటికి పోయి స్నానము చేయువారు ఏ కాలములోనైనను ఉందురు.

అయినను ఆర్కాటువారు పట్టు విడువలేదు. ఏల? తంజావూరు వైపు పాత సంఘములలో పై కులముల క్రైస్తవులు ఒక ప్రక్కను, పరయ క్రైస్తవులు వేరొక ప్రక్కను కూర్చుండెడివారు. ప్రభువు పాత్రను మొదట వారు, పిదప వీరు పుచ్చుకొనెడివారు. ఓపిక పట్టుదమనువాడు ఎవరి ఓపికను ఖర్చుపెట్టుచున్నాడో చూడవలెను. పాత్రను ముందుగా అందుకొన్నవానిది కాదు గదా!

ఇంత కఠినులైన ఆ సంఘమువారే మరియొక విషయములో ఎంత వంగిరో చూడుడి. వారు రిఫార్ముడు మతశాఖవారు. వారికి బిషప్పులు లేరు, సంఘపెద్దల పాలనయే. స్కాటులాండు ప్రెస్బిటేరియనులతోను కాంగ్రిగేషనలు సంఘములతోను కూడి 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘములో వారు భాగమైరి. మదనపల్లెలో బహుకాలము సేవచేసిన డాక్టరు జేకబు చేంబర్లెయిను ఆ యేటనే ప్రభువునందు నిద్రించెను. తరువాత 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ఐక్యతా సంభాషణలు ఇరువదియెనిమిదేండ్లు సాగెను. బిషప్పుల మాటయొద్దనే బండి మరల మరల నిలిచిపోయెను. తుదకు 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింటు జార్జి దేవాలయములో సి.ఎస్.ఐ. సంఘము ఏర్పడెను. మనవారు బిషప్పును అంగీకరించిరి. ఆంగ్లికనులు, అప్పటికే అభిషిక్తులైన ఇతర శాఖల గురువులకు తిరిగి అభిషేకము చేయవలెనని కోరలేదు. ఏ సంఘము మనస్సాక్షినైనను అధిక సంఖ్యాకుల బలముతో త్రొక్కరాదని వాగ్దానము చేసికొనిరి. అయినను మన రాయలసీమలోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములు అనేకము చాలకాలము వెలుపలనే యుండెను.

తిరుపతి వైపు కథ వేరు. హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషనరీలు 1865లో మైలియస్‌గారి నాయకత్వమున తెలుగుదేశములో పని మొదలిడిరి. నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి వారి క్షేత్రము. మొదటి ప్రపంచయుద్ధములో జర్మనులు వెడలిపోవలసిరాగా, అమెరికాలోని ఒహాయో లూథరనులు ఆ పనిని చేపట్టిరి. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము ఏర్పడెను. 1947 ఐక్యతలో ఆ సంఘము చేరలేదు. దీనిని మొండితనమనువారు కలరు. నేననను. రొట్టెతో కూడ ప్రభువు శరీరమునే పుచ్చుకొనుచున్నానని నమ్మినవానితో ఆ సిద్ధాంతము చిన్నదని చెప్పిన, అది సహనమగునా? అతని విశ్వాసమును లెక్కచేయకపోవుటయే. 1950లలో ఉభయ పక్షముల వేదాంతులు కూర్చుండి ఓర్పుతో మాటలాడిరి. చాల విషయములలో ఏకీభవించిరి. సంఘములు మాత్రము వేరుగానే యున్నవి.

ఈ వాదములు తెగకముందే, 1915లో, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి తెరువబడెను. పలు మిషనులు కలిసి నడపిన ఆసుపత్రి అది. దాని తొలి పెద్ద వైద్యుడు డాక్టరు ఫ్రిమోట్ మోలరు డెన్మార్కు లూథరన్ మిషనుకు చెందినవాడు. రిఫార్ముడువారు తమ ప్రమాణమును మార్చుకొనలేదు, ఆయన తనది మార్చుకొనలేదు. రోగి దగ్గు ఏ శాఖదో ఎవరును అడుగలేదు.

నాటివారు కులమునందు పట్టును, బిషప్పునందు విడుపును చూపిరి. మనము తలక్రిందులు చేసితిమేమో! బలిపీఠముపై క్రొవ్వొత్తి ఉండవలెనా వలదా అని సంఘము రెండుగా చీలును. సమాధుల తోటలో ఫలానివారికి ఈ మూల, ఫలానివారికి ఆ మూల అన్నప్పుడు మాత్రము, పెద్దల ఏర్పాటు, పోనిమ్మందుము.

పల్లెలలో పెండ్లిండ్లు ఆగలేదు. లూథరన్ ఇంటి పిల్ల సి.ఎస్.ఐ. ఇంటికి కోడలై పోవుచున్నది. ఆగ్స్‌బర్గు ప్రమాణమును గూర్చి అత్తగారు ఒక్క ప్రశ్నయైనను వేయదు. వేయు ప్రశ్న వేరొకటి. దానికి జవాబు రాబట్టిన పిమ్మటనే తాంబూలములు పుచ్చుకొందురు.