లెనార్డ్‌కి అందని రెండో సూది

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు వినిపించే మాట "ఎంతొచ్చింది?" అని. మామయ్యగారు గ్లూకోమీటరును మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఉన్న ఒక్క కంటితో అంకె చదువుతారు. 140 లోపు వస్తే ఆ రోజు ఇడ్లీ ఒకటి ఎక్కువ తింటారు. 200 దాటిందంటే పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చుంటారు, ఎవరితోనూ మాటల్లేవు. ఆ రెండో కన్ను పోవడంలో నా తెలివితక్కువతనం కూడా కొంత ఉంది. అది చెప్పేముందు వందేళ్ళ కిందటి ఒక పిల్లవాడి గురించి చెప్పాలి.

వాడి పేరు లెనార్డ్ థాంప్సన్. కెనడాలోని టొరాంటో. 1922 జనవరి నాటికి వాడికి 13 ఏళ్ళు, బరువు 29 కిలోలు. మన ఇళ్ళల్లో ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ పిల్లల బరువన్నమాట. షుగర్ వచ్చిన పిల్లలకి అప్పట్లో వైద్యం అంటే కడుపు మాడ్చడమే. తిండి తగ్గిస్తే కొన్నాళ్ళు ఎక్కువ బతుకుతారు, అంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ లేదు. పిల్లాడు తిండికి ఏడుస్తుంటే పెట్టకుండా కూర్చున్న ఆ తల్లులని తలుచుకుంటేనే నాకు ముద్ద దిగదు.

జనవరి 11న బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన ఇన్సులిన్ వాడికి మొదటిసారి ఎక్కించారు. అది సరిగ్గా పనిచెయ్యలేదు. షుగర్ కొంచెమే తగ్గింది, పైగా సూది గుచ్చినచోట గడ్డ లేచింది. కోలిప్ అనే రసాయన శాస్త్రవేత్త పగలూ రాత్రీ కూర్చుని ఆ మందుని శుద్ధిచేశాడు. 23న మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మూత్రంలో చక్కెర దాదాపు మాయమైంది. పిల్లాడు లేచి కూర్చున్నాడు.

పుస్తకాల్లో ఈ కథ మామూలుగా ఇక్కడితో ఆపేస్తారు. నేనూ చాలా కాలం అక్కడే ఆగిపోయాను. తరవాత ఏమైందో తెలుసా? లెనార్డ్ ఇంకో 13 ఏళ్ళు బతికి, 1935 ఏప్రిల్‌లో, 26 ఏళ్ళ వయసులో చనిపోయాడు. న్యుమోనియాతో. షుగర్ నుంచి బయటపడ్డ మొట్టమొదటి పిల్లవాణ్ణి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో జర్మనీలో డోమాక్ తన సల్ఫా మందు గురించి ప్రకటించాడు. న్యుమోనియాకి సల్ఫా మందు చేతికొచ్చేసరికి 1938. మూడేళ్ళ తేడా.

షుగర్‌కీ, ఇలాంటి అంటురోగాలకీ ఉన్న చుట్టరికం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మూత్రానికి చీమలు పట్టడం గురించి రాసిన మన ఆయుర్వేద గ్రంథాలే, ఆ జబ్బున్నవాళ్ళకి లేచే కురుపుల గురించీ రాశాయి. సుశ్రుతుడు వాటిని ప్రమేహ పిడకలన్నాడు. మా అమ్మమ్మ రాచకురుపు అనేది. వీపు మీద రాచకురుపు లేచిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. అది ఎందుకు మానదో ఇప్పుడు తెలుసు. రక్తంలో చక్కెర ఎక్కువున్నప్పుడు తెల్లకణాలు మందకొడిగా తయారవుతాయి. క్రిమి ఉన్నచోటికి వెళ్ళడం ఆలస్యం, వెళ్ళినా దాన్ని మింగడం ఆలస్యం. అందుకే కాలికి చిన్న దెబ్బ తగిలినా, మూత్రంలో మంట వచ్చినా, దగ్గు పట్టుకున్నా వీళ్ళ దగ్గర ఎక్కువరోజులు తిష్ఠ వేస్తుంది.

మా తాతయ్య రోజుల్లో గ్లూకోమీటరెక్కడిది! గాజు గొట్టంలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, నాలుగు చుక్కలు మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు... రంగు మారేకొద్దీ అమ్మమ్మ మొహం కూడా మారేది. దీపావళి మందులు కాలుస్తున్నారనుకుని నేను చప్పట్లు కొట్టానట.

న్యుమోనియా టీకా కథ ఇంకా చిత్రం. దాన్ని తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనది న్యుమోకోకస్. దానికి 1940ల్లోనే అమెరికా సైనికుల మీద పరీక్షించి టీకా తయారుచేశారు. కానీ అప్పుడే పెన్సిలిన్ వచ్చింది. ఇంత గొప్ప మందుండగా టీకా దేనికని డాక్టర్లు దాని మొహం చూడలేదు. కంపెనీ తయారీ మానేసింది. రాబర్ట్ ఆస్ట్రియన్ అనే డాక్టరు మాత్రం ఊరుకోలేదు. ఆస్పత్రి లెక్కలన్నీ తిరగేసి 1964లో ఒక మాట చెప్పాడు. జబ్బు పట్టిన మొదటి అయిదు రోజుల్లో పోయేవాళ్ళని పెన్సిలిన్ కూడా పెద్దగా ఆపలేకపోతోందని. వాళ్ళని కాపాడాలంటే జబ్బు రాకముందే కాపాడాలి. ఆయన పట్టు వల్ల 1977లో 14 రకాల న్యుమోకోకస్ మీద పనిచేసే టీకా, 1983లో 23 రకాలకి టీకా వచ్చాయి. లెనార్డ్ పోయిన 42 ఏళ్ళకి.

ఇప్పుడు నా సంగతి. 2021 మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళకి కరోనా టీకా మొదలుపెట్టారు. మామయ్యగారికి 67. వెళ్దామని ఆధార్ కార్డు కూడా జేబులో పెట్టుకున్నారు. ఆ వారం పరగడుపున షుగర్ 260 ఉంది. "ఇంత షుగర్ మీద సూది ఎందుకు మామయ్యగారూ, ఒక్క నెల ఆగి, తగ్గాక వేయించుకుందాం" అన్నాను. ఏ డాక్టర్నీ అడగలేదు. నాకే అనిపించింది, నేనే తీర్పు చెప్పేశాను. జొన్నరొట్టెలు, నానబెట్టిన మెంతులు, మేడ మీద నడక. నెలకి 190కి దించాను కూడా. తెగ మురిసిపోయాను.

ఏప్రిల్ ఆఖరివారంలో జ్వరం. ఆక్సిజన్ పడిపోతే స్టెరాయిడ్ ఇచ్చారు. అది ఇవ్వక తప్పదు, ప్రాణం నిలబెట్టింది. కానీ స్టెరాయిడ్‌తో షుగర్ 450కి ఎగిరింది. ఇంటికొచ్చిన వారానికి కుడికన్ను కింద వాపు, చెంప మొద్దుబారడం. బ్లాక్ ఫంగస్. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పుడూ ఉండే బూజే అది, మామూలుగా మనల్ని ఏమీ చెయ్యదు. ఆ మే నెలలో అలాంటి కేసులు ఎన్ని వచ్చాయంటే, 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికే కేటాయించారు. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం మావారు ఊరంతా తిరిగారు. మనిషి దక్కారు, కన్ను తీసేశారు.

టీకా వేయించి ఉంటే కన్ను దక్కేదని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేరు. ఒక డోసుతో ఎంత రక్షణ వచ్చేదో ఎవరికి తెలుసు. కానీ తరవాత మా డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం నాకు గుచ్చుకుంది. "షుగర్ తగ్గించడం, టీకా వేయించడం రెండూ వేరే వేరే పనులమ్మా, ఒకదాని వెనక ఒకటి క్యూలో నిలబెట్టక్కర్లేదు." షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి టీకా బాగానే పనిచేస్తుందట. విపరీతమైన జ్వరమో, షుగర్ హద్దు దాటి మనిషి నీరసించిపోవడమో ఉంటే వాయిదా వేస్తారు కానీ, పరగడుపు అంకె నచ్చలేదని కాదు. సూది తరవాత ఒళ్ళు వెచ్చబడితే ఒకటి రెండు రోజులు అంకె కాస్త పెరగొచ్చు, చూసుకుంటూ ఉండాలి అంది.

ఆవిడే ఇంకోటి కూడా పట్టుకుంది. మా ఇంట్లో వేలు గుచ్చే పెన్ను ఒక్కటే. మామయ్యగారు, అత్తయ్యగారు, పండక్కి వస్తే మా పెద్దాడపడుచు, అందరూ దాంతోనే. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఇలా ఒకే పరికరం అందరికీ వాడటం వల్ల హెపటైటిస్ బి పాకింది. 2011లో అక్కడ 60 లోపు షుగర్ ఉన్నవాళ్ళందరికీ ఆ టీకా వెయ్యమని చెప్పారు. ఆ టీకాని మన దేశంలో మొదట తయారుచేసింది మన హైదరాబాద్ వాళ్ళే, శాంతా బయోటెక్నిక్స్, 1997లో. ఇంత దగ్గర్లో పుట్టిన మందు మా ఇంటికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ఎవరి పెన్ను వాళ్ళదే. మా అమ్మాయి వాటి మీద నెయిల్ పాలిష్‌తో పేర్లు రాసింది.

మొన్న ఫ్లూ టీకాకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న మీటరులో 212 వచ్చింది. మామయ్యగారు పేపర్ తీసుకోలేదు. మీటరు నా వైపు తిప్పి, "ఏమ్మా, ఈసారీ ఆగుదామంటావా?" అన్నారు. వెక్కిరింపో, నిజంగానే అడిగారో నాకు తెలియలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. తీసుకురమ్మంది. ఆటో పిలిచాను.