శారదా లోయలో పర్వత సైక్లింగు

తూర్పు కనుమలలో జనించి, దేవరాపల్లి, చోడవరము, అనకాపల్లి ప్రాంతముల మీదుగా బంగాళాఖాతమును చేరు శారదానది లోయయు, దానిం గలియు బొడ్డేరు, పెద్దేరుల తీరములును, కాలువగట్లతో, బండిబాటలతో, కొండవాలులతో పర్వత సైకిలునకు మిక్కిలి అనువైన భూములు. 1970వ దశకమున కాలిఫోర్నియా కొండలలో రూపుదాల్చిన యీ క్రీడ 1996లో అట్లాంటా ఒలింపిక్సులో స్థానము పొందెను.

పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 నుండి అనకాపల్లి జిల్లాకు చెందిన చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరాలయము ప్రసిద్ధము. అచ్చటినుండి వడ్డాది మీదుగా మాడుగుల చేరువఱకు దారి యించుమించు సమతలమే. మాడుగుల దాటినపిమ్మట పాడేరు ఘాటు ఆరంభమగును. ఈ సీమకు నిజమైన శోభ చెరకు కోతల కాలముననే కానవచ్చును: బెల్లపు పెనముల చెంత ఎండబోసిన పిప్పి బాట యంచువఱకు పఱచుకొనును, పాకపు కమ్మదనము దూరమునుండియే సోకును. వానకాలమున మాత్రము పొలపు జిగటమట్టి టైరుగాళ్లలో కూరుకొని చక్రమును బిగించును గనుక, శీతకాలమే ప్రయాణమునకు శ్రేష్ఠము.

నది వెంట దిగువకు సాగినచో అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండలు కలవు. రాతిని తొలిచి మలచిన స్తూపములును, గుహలును గల ఈ బౌద్ధక్షేత్రమును ఇరువదవ శతాబ్ది తొలిపాదమున అలెగ్జాండర్ రీ త్రవ్వించెను. యాత్రికులు సైకిళ్లను కొండదిగువనే నిలిపి, కాలినడకనే పైకెక్కవలయును. ఆ పురాతన నిర్మాణములపై చక్రము మోపరాదు.