కొట్టు మూసిన తర్వాత

సారా ఉద్యమ చరిత్రను మనం దూబగుంటలో మొదలుపెట్టి నిషేధంతో ముగిస్తాం. 1991-92లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. పుస్తకాల్లో కథ ఇంతటితో సరి.

ఆ ఆడవాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలీలు. కూలిడబ్బులు ఇంటికి రావాలన్నారు, తన్నులు తప్పాలన్నారు. సర్కారు ఇచ్చిన జవాబు కొట్టుకు తాళం. ఆ తాళాన్ని మేము తక్కువ చేయడం లేదు, అది పోరాడి తెచ్చుకున్నది. కాని ఏళ్ళతరబడి తాగిన ఒంటికి తాళమొక్కటే చాలదు గదా! ఉన్నట్టుండి మానేస్తే కొందరికి వణుకు పుడుతుంది, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. దీనికి వైద్యం ఉంది. కొన్నాళ్ళు మందులు, కనిపెట్టి చూసే మనిషి, ఆ తర్వాత నెలల తరబడి మాటసాయం కావాలి.

ఆ వైద్యం వాడకు రాలేదు. 1980ల్లో సర్కారే సారాను పాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. పాకెట్‌కు దొరికిన దారి మాత్రకు ఎందుకు దొరకలేదు? తాగుడును జబ్బుగా కాక వాడవాళ్ళ గుణంగా చూసే కులబుద్ధి ఇందులో లేదా?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తెలంగాణలో మద్యం, కల్లు దొరకనప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్ళూ అందులో ఉన్నారు. బండ్లు తిరగని రోజుల్లో ఎర్రగడ్డదాకా రాలేనివాళ్ళ మాటేమిటి? కేంద్ర సామాజిక న్యాయశాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని, ఆసుపత్రిలో చేర్చుకుని చేసే వైద్యం 180 మందిలో ఒక్కరికేనని అది చెప్పింది.

రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్నీ ప్రజారోగ్యాన్నీ ఒకేచోట చెప్పింది. మనం మొదటిదాన్నే పట్టుకున్నాం. ఇక రెండోదాన్నీ అడగాలి. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తాగుడు మాన్పించే వైద్యం ఉచితంగా దొరకాలి. ఆశా కార్యకర్త కబురు అందితే మనిషిని చేర్చుకోవాలి, కూలి పోయిన రోజులకు భత్యమివ్వాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలోంచి ఈ ఖర్చు పెట్టాలి. ఇది దయ కాదు, వాడకు సర్కారు పడ్డ బాకీ.