వాలంటీరు పిల్ల, వకీలు దుర్గాబాయమ్మ

మన సావనీర్లలో ఎప్పుడూ మన కులపెద్దల జీవితాలే వేసుకుంటాం. ఈసారి మన కులంలో పుట్టని ఒకావిడ గురించి రాస్తున్నాను. కారణం ఉంది. సొంతూరు వదిలి పరాయి రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువాళ్లకి సంఘం ఎందుకు ఉండాలో, చదువులేని ఆడవాళ్లకి చట్టం తెలిసినవాళ్లు ఎందుకు అండగా ఉండాలో చేసి చూపించిన మనిషి ఆవిడ. ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. యానాంలో ఉన్న మనవాళ్లకి అది పక్క ఊరే. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు. ఇంట్లోవాళ్లు కూడా ఆమె మాటే నిలబెట్టారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయన్ని కలుసుకునే ఏర్పాటు చేసింది ఈ పన్నెండేళ్ల పిల్లే.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర దుర్గాబాయి వాలంటీరు. టికెట్టు లేకుండా ఎవర్నీ పంపొద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్నీ ఆపేసింది! నిర్వాహకులు పరుగున వచ్చి టికెట్టు కొనిస్తే గానీ లోపలికి వదల్లేదు. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నారు. పెద్దవాళ్లకి ఒక రూలు, చిన్నవాళ్లకి ఒక రూలు ఉండకూడదన్న పట్టుదల ఆవిడకి చివరిదాకా పోలేదు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. మదురై జైల్లో ఏడాదిపాటు ఒంటరి గదిలో ఉంచారు. జైళ్లలో ఆవిడ చూసిన ఒక సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. తమ మీద ఏ కేసు పెట్టారో, కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలియక శిక్ష పడిపోయిన ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. నేను లా చదివి వీళ్ల తరఫున నిలబడాలి అనుకున్నారు.

అనుకోవడం తేలికే, అప్పటికి మెట్రిక్యులేషనే కాలేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా అది కట్టారు. వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో ఆడపిల్లలకి హాస్టలు లేదంటే, తోటి అమ్మాయిల్ని పోగుచేసి తామే హాస్టలు నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఈలోగానే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభకి అంకురం పడింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల్ని పరీక్షలకి తయారుచేయడం, చేతిపనులు నేర్పడం, తర్వాత నర్సింగు, ఆసుపత్రి. ఢిల్లీలో తెలుగు పిల్లల కోసం ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ కూడా ఆవిడ పెట్టించిందే.

రాజ్యాంగ సభలో కూర్చుని హిందూ స్త్రీల ఆస్తిహక్కు గురించి మాట్లాడారు. 1953లో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లాడి మహారాష్ట్ర కోడలయ్యారు. అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని పట్టుబట్టారు. ఆవిడ 1981లో కన్నుమూశారు, ఆ చట్టం 1984లో వచ్చింది.

ఇక మన సంగతికి వద్దాం. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో చేశాయి. 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చింది సరే, మన ఇళ్లలోకి వచ్చిందా? సోలాపూర్‌లో బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లకి, భివండీ పవర్‌లూమ్ కార్మికుల ఇంటి ఆడవాళ్లకి ఈ మాట ఎవరు చెప్పారు? ఇంటాయన పోయిన పదోరోజు దాటకముందే ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం మనకి తెలియని విషయమా? దుర్గాబాయమ్మ జైల్లో చూసిందీ ఇదే కదా!

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఏ ఆడమనిషికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా కోర్టులోనూ తాలూకా కోర్టులోనూ దానికి కమిటీ ఉంటుంది. అర్జీ రాసిచ్చే మనిషి ఉంటే చాలు.

మన సంఘాల్లో కల్యాణ మండపాలున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి, సంతోషం. మన ఆడపిల్లలు లా కూడా చదువుతున్నారు. నెలకి ఒక ఆదివారం సంఘం ఆఫీసులో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి ఆ అమ్మాయిల్ని కూర్చోబెడదాం. సంతకం పెట్టేముందు కాగితం తెచ్చి చూపించుకోమని మన ఆడవాళ్లకి చెబుదాం. వచ్చే వార్షికోత్సవం నాటికి ఎంతమంది వచ్చారో లెక్క ఈ సావనీర్లోనే వేసుకుందాం.