వేదిక ఎక్కనివాళ్ళు

"రా అత్తా, ఒక్క సాయంత్రం సీరియల్ చూడకపోతే కొంప మునగదు" అని మా మేనకోడలు బలవంతపెడితే ఈ మధ్య ఒక సైన్సు ఉపన్యాసానికి వెళ్ళాను. అది ఫార్మసీ చదువుతోంది. నేనేమో చరిత్రా, తెలుగూ పుచ్చుకుని బి.ఏ. గట్టెక్కినదాన్ని. రసాయన శాస్త్రంతో నా పరిచయం చింతపండుతో ఇత్తడి చెంబులు తోమడం దగ్గరే ఆగిపోయింది. పైగా ఉపన్యాసం దేనిమీదనుకున్నారు? కాన్సర్ మందుల పుట్టుపూర్వోత్తరాల మీద! "దీపాలు పెట్టే వేళ ఆ మాట వినడానికి బయల్దేరడమేమిటే" అని మా అత్తగారు మొహం చిట్లించారు కూడా.

తీరా వెళ్ళి చూస్తే హాల్లో సగానికి పైగా ఆడవాళ్ళే. పురాణ కాలక్షేపానికి వచ్చినట్టు మంచినీళ్ళ సీసాలతో సహా వచ్చి, వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్నారు. ముందు వరసలన్నీ ఖాళీ. మనకి ముందు కూర్చోవడం ఎప్పుడు అలవాటవుతుందో!

ఆడవాళ్ళు సైన్సు వినడానికి రావడం ఈ కాలపు వింత అనుకునేరు. రెండు వందల ఏళ్ళ క్రితం లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థలో హంఫ్రీ డేవీ అనే ఆయన రసాయన శాస్త్రం మీద ఉపన్యాసాలిస్తుంటే జనం విరగబడి వచ్చేవారట. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ చాలామందే. అలా వెళ్ళిన ఒక ఇల్లాలు జేన్ మార్సెట్. విన్నప్పుడు బాగానే వుంది కాని ఇంటికొచ్చాక అంతా అయోమయంగా వుందనిపించి, తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకుని, తనలాంటి వాళ్ళ కోసం సంభాషణల రూపంలో ఒక పుస్తకం రాసింది. 1806లో వచ్చిన ఆ పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఆడది పేరు వేసుకోవడం మర్యాద కాని రోజులవి.

ఆ పుస్తకం ఒక బైండింగు షాపులో పనిచేసే కుర్రాడి చేతిలో పడింది. కుట్టవలసిన పుస్తకాన్ని వాడు కుట్టడమే కాక చదివాడు కూడా. వాడే మైకేల్ ఫారడే. తరవాత డేవీ ఉపన్యాసాలు విని, ఆయన దగ్గరే పనికి కుదిరి, అంతటి శాస్త్రవేత్త అయ్యాడు. 1825లో ఆ సంస్థలోనే పిల్లల కోసం క్రిస్‌మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. కొవ్వొత్తి ఎలా వెలుగుతుందో చెప్పే మిషతో రసాయన శాస్త్రమంతా చెప్పేవాడట ఫారడే. ఆ 1825లోనే ఆయన బెంజీన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. ఆ బెంజీన్ చక్రం లేకుండా నేటి మందులు సగం లేవని మా మేనకోడలు నా చెవిలో ఊదింది. చూశారా, ఒక ఆడమనిషి విన్న ఉపన్యాసం ఎక్కడెక్కడికి పోయిందో!

ఇక ఆనాటి ఉపన్యాసం సంగతికొస్తాను. వక్త కథ బొంబాయిలో మొదలుపెట్టాడు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే బీద గర్భిణులు రక్తం చాలక పాలిపోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళు తినే తిండి పరిశీలించింది. ఈస్టు నుంచి తీసిన చవక రకం మార్మైట్ పెట్టి చూస్తే వాళ్ళు తేరుకున్నారు. అందులో ఏదో వుంది, అదేమిటో తెలియదు. తరవాత 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. చివరికి తేలిందేమంటే ఆ బొంబాయి తల్లులను బతికించింది ఇదే. నెల తప్పగానే మన డాక్టరమ్మలు రాసిచ్చే మాత్ర వుందే, అదన్నమాట.

ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు! ఆ పేరు వినగానే హాలంతా ఒక్కసారి సర్దుకు కూర్చుంది. మనవాడంటే మరి ఆ మాత్రం వుండదూ?

1895లో పుట్టిన సుబ్బారావు మెట్రిక్యులేషను గట్టెక్కడానికి మూడు దండయాత్రలు చేశాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు బట్టలు కట్టుకు వెళ్ళి ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. కాక దానికంటే చిన్న డిగ్రీతో సరిపెట్టుకున్నాడు. తోడబుట్టిన ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది ఒంట పట్టక, రక్తం క్షీణించిపోయే జబ్బు అది. దానికి పనికొచ్చే మందుల్లో ఒకటి ఈ ఫోలిక్ యాసిడే. ఆ అన్నదమ్ములకి అందనిది, పాతికేళ్ళ తరవాత లోకానికి అందించాడాయన.

మామగారి ఆర్థిక సాయంతో 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగిన మనిషి మళ్ళీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే వుండిపోయారు. ఆయన జీవితకథ ఎవరు చెప్పినా ఆవిడ గురించి ఒక వాక్యంతో దాటిపోతారు. ఆ సాయంత్రం వక్తా అంతే చేశాడు. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది.

సరే, ఈ విటమినుకీ కాన్సర్‌కీ ఏం సంబంధం? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వుండేవాడు. రక్తంలో కాన్సర్, అంటే లుకేమియా, వచ్చిన పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా విజృంభించినట్టు కనిపించింది. ఆ కణాలకు ఇదే మేత అయితే, మేత ఆపేస్తే? అప్పుడు సుబ్బారావు ప్రయోగశాల నుంచి ఇంకో పదార్థం వచ్చింది. పేరు అమినోప్టెరిన్. చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే వుంటుంది, కాని కాదు. మారు తాళంచెవి అనుకోండి. తాళంలో దూరుతుంది, తిరగదు. అది ఇరుక్కున్నాక అసలు తాళంచెవికి చోటుండదు. గబగబా పెరుగుదామనుకున్న కణం తలుపు తెరుచుకోక చచ్చిపోతుంది. గబగబా పెరిగేవి కాన్సర్ కణాలే కాదు, నోటిలోని పొరలూ, పేగులూ, రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా. ఈ మందులు అంత బాధపెట్టడం అందుకే.

1947 డిసెంబరు చివర మొదలుపెట్టి పదహారు మంది పిల్లలకి ఇస్తే పదిమంది తేరుకున్నారు. మంచాన పడ్డ పిల్లలు లేచి ఆడుకున్నారు. అయితే అది తాత్కాలికమే. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఫార్బర్ దాచలేదు. 1948 జూన్‌లో వెలువడిన వ్యాసానికి పేరు పెట్టడంలోనే 'తాత్కాలికం' అన్న మాట వేశాడు. ఆ తరవాత రెండు నెలలకే, ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో సుబ్బారావు నిద్రలోనే పోయాడు.

కాని కథ అక్కడ ఆగలేదు. న్యూయార్క్‌లో గెర్ట్రూడ్ ఎలియన్ అనే అమ్మాయి వుండేది. పదిహేనేళ్ళప్పుడు తాతగారు కాన్సర్‌తో పోతే, దాని అంతు చూడాలని రసాయన శాస్త్రం చదివింది. ఆడపిల్ల లాబొరేటరీలో వుంటే మగవాళ్ళ పని పాడవుతుందని ఉద్యోగమివ్వని రోజులవి. డాక్టరేటు లేకుండానే ఆమె లుకేమియాకి ఇంకో మారు తాళంచెవి తయారుచేసింది, 6-మెర్కాప్టోప్యూరిన్. 1953 నుంచి అది వాడుకలో వుంది. 1988లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు స్టాక్‌హోమ్ వేదిక మీద నిలబడి, తన పని గురించి డెబ్భై ఏళ్ళ వయసులో ఉపన్యాసమిచ్చింది.

మూడోది మన వాకిట్లోదే. బిళ్ళగన్నేరు! నీళ్ళు పోసినా పోయకపోయినా గోడ పక్కన పూసే ఆ మొక్కను కెనడాలో మధుమేహానికి పనికొస్తుందేమోనని పరీక్షిస్తే, తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం కనిపించింది. ఆ దారిలో దొరికిందే విన్‌క్రిస్టిన్. (ఆకులు నూరి ఎవరికీ పట్టకండి! అది విషం. మందయ్యేది శుద్ధి చేసి, తూచి ఇచ్చినప్పుడే.) 1960ల మొదట్లో అమెరికా డాక్టర్లు ఈ విన్‌క్రిస్టిన్, సుబ్బారావు ప్రయోగశాల నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్, ఎలియన్ మందు, ప్రెడ్నిసోన్ — నాలుగూ కలిపి ఇచ్చి చూశారు. ఒక్కటీ ఒంటరిగా గెలవని యుద్ధాన్ని నాలుగూ కలిసి మలుపు తిప్పాయి. ఒకప్పుడు నెలల్లో కన్నుమూసే ఆ పిల్లల్లో, మంచి వైద్యం అందే చోట, ఇవాళ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

తరవాత వక్త జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరమ్మ పేరు చెప్పాడు. రక్తపు కాన్సర్‌కే కాదు, రొమ్ము కాన్సర్‌కీ మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని 1951లో ఆమె చూపించిందట. రొమ్ముకి ఆపరేషన్ చేశాక ఈ మందుని మరో రెండు మందులతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ డాక్టర్లు రుజువు చేశారట.

1976 అన్న మాట వినగానే నా గుండె కలుక్కుమంది.

మా పిన్ని రాజమండ్రిలో వుండేది. సుబ్బారావు చిన్నప్పుడు చదువుకున్న వూరే. నా కాలేజీ రోజుల్లో, అంటే 1990ల చివర, పోయింది. రొమ్ములో గడ్డ. నొప్పి లేదని ఏడాదికి పైగా ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఇంట్లోవాళ్ళు బయటివాళ్ళకి చెప్పలేదు. కూతుళ్ళకి సంబంధాలు రావన్న భయం ఒకటి! ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. "ఆ జబ్బు" అనేవారు, "రాచపుండు" అని పెద్దవాళ్ళు గుసగుసగా అనేవారు. పోయేదాకా ఆ మనిషి ముందు ఆ మాట ఎవరూ అనలేదు. మందు అప్పటికే వుంది. మనవాడి ప్రయోగశాల నుంచి వచ్చిన మందే. లేనిది మాట.

సుబ్బారావు ఉపన్యాస యాత్రలు చేయలేదు, పత్రికలకు ఇంటర్వ్యూలివ్వలేదు. తన పని తను చేసుకుని వెనక్కి తప్పుకున్నాడు. దాన్ని మనం వినయమని మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. కాని మా పిన్ని మౌనం వినయం కాదు కదా! ఆయన వేదిక ఎక్కకపోయినా మందు మన వూరిదాకా వచ్చింది. దాని సంగతి వేదికెక్కి నాలుగు మాటల్లో చెప్పేవాళ్ళు లేక, మా పిన్ని దాకా మాత్రం రాలేకపోయింది.

ఉపన్యాసం అయ్యాక "ప్రశ్నలేమైనా?" అన్నారు. చాలాసేపు ఎవరూ పలకలేదు. చివరి వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "రొమ్ములో గడ్డ వుండి నొప్పి లేకపోతే భయం లేనట్టేనా బాబూ?" అని అడిగింది. హాలంతా నిశ్శబ్దం. "లేదమ్మా, మొదట్లో చాలామందికి నొప్పి వుండదు. అన్ని గడ్డలూ కాన్సర్ కావు, కాని ప్రతి గడ్డా డాక్టరుకి చూపించాలి" అన్నాడతను తడుముకోకుండా. అంతే, ఇంకో నలుగురి చేతులు లేచాయి.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు మేలుకునే వున్నారు. "ఏం చెప్పాడేమిటి?" అన్నారు, వినకూడని మాట వింటున్నట్టు మొహం పక్కకి పెట్టి. పక్కన కూర్చుని, ఆ పెద్దావిడ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, అంతా చెప్పాను. కాన్సర్ అన్న మాట గొంతు తగ్గించకుండానే అన్నాను.