చౌక చిత్రము - సాధన ఖర్చు
మైలవరమనగానే పాత నాటకప్రియులకు జమీందారు పోషించిన బాలభారతీ నాటక సమాజము, అందలి యడవల్లి సూర్యనారాయణగారు జ్ఞప్తికి వత్తురు. 1936 నాటి 'ద్రౌపదీ వస్త్రాపహరణము' చిత్రములో ఆయనయే దుర్యోధనుడు. అంతకుముందే, 1932లో, హెచ్.ఎం. రెడ్డిగారు 'భక్త ప్రహ్లాద'ను సురభి వారి సాయముతో బొంబాయిలో కొలది దినములలోనే, స్వల్పవ్యయముతో ముగించిరి. అది యంత్రమహిమ కాదు; సురభివారికి ఆ నాటకము ఏండ్లుగా కంఠస్థము.

నేడు కృత్రిమ మేధ మాట చెప్పినంతనే కౌరవసభను, అక్షౌహిణులను తెరపై నిలుపజూచుచున్నది. సెట్టింగుల ఖర్చు తగ్గును. బీద దర్శకునకు వరమే. అయితే పద్యము చదువునపుడు ఎచ్చట ఊపిరి నిలుపవలెనో నటుడు నేర్చుటకైన ఖర్చును మైలవరమున జమీందారు, సురభిలో కుటుంబమంతయు భరించిరి. ఆ పద్దు నిర్మాత లెక్కలకు ఎక్కలేదు, పాపము! చౌకగా దొరకినదని చిత్రసీమ నాడు సంతోషించినది. ఆ ఖర్చు నేడెవరిదో దర్శకుడు ముందుగా తేల్చుకొనవలెను.